వాన సీనుకి రెండో జత

రాజ్యలక్ష్మి సంచి సర్దుతోంది. కూతురు స్ఫూర్తి తలుపుకి ఆనుకుని చూస్తోంది.

"అమ్మా, ఆ ఆకుపచ్చ చుడీదార్ ఇందాకే పెట్టావు."

"అది వేరు, ఇది వేరు."

"రెండూ ఒకేలా ఉన్నాయి కదమ్మా."

"ఒకేలా ఉండాలనే కుట్టాను. ఒకటి వానలో తడిస్తే?"

"తడిస్తే ఇంకో రంగుది వేసుకుంటాను."

"అలా ఎలా? కంటిన్యుటీ పోదూ?" అనేసి రాజ్యలక్ష్మి నాలుక కరుచుకుంది.

స్ఫూర్తి పకపకా నవ్వింది. పెళ్ళైన కొత్తలో తెనాలి నుంచి వచ్చినప్పటి నుంచీ రాజ్యలక్ష్మి సినిమా వాళ్ళకి బట్టలు కుడుతూనే ఉంది. వాన సీను ఉందంటే అదే గుడ్డతో, అదే కొలతతో రెండో జత కూడా కుట్టాలి. మొదటిది తడిసి ముద్దయితే మళ్ళీ షాటుకి పొడిది సిద్ధంగా ఉండాలి కదా. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. కృష్ణానగర్ సందులో వాళ్ళుండే రెండు గదుల పోర్షన్‌లో స్ఫూర్తి బట్టలన్నీ కవల పిల్లలే.

ఇంకో అలవాటు కూడా ఉంది. సంచి ఏదైనా సరే, మూతి కట్టగానే దానికో అట్టముక్క పిన్నీసుతో గుచ్చాలి. పాత్ర పేరు, సీను నంబరు, పగలో రాత్రో రాయాలి. రాయకపోతే ఆవిడకి సర్దినట్టే ఉండదు. ఖాకీ కాన్వాసు సంచి మూతి బిగించి, స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసింది: స్ఫూర్తి. సీన్ ఒకటి. పగలు.

"హాస్టల్లో అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. పోకుండా ఉంటే చాలు." పిన్నీసు గట్టిగా నొక్కి పెట్టింది. "ఇంటి నుంచి వెళ్ళి రావచ్చు కదే. ఆడవాళ్ళకి బస్సు కూడా ఊరికే. గచ్చిబౌలి ఏమన్నా దేశం అవతలా?"

"మళ్ళీ మొదలుపెట్టకమ్మా."

"నేనేమన్నాను? ఈ ఇంట్లోంచి సంచి సర్దుకుని వెళ్ళినవాళ్ళు..." అని ఆగిపోయింది.

ఆ మాట పూర్తిగా ఎప్పుడూ అనదు. గోడ మీద వీరయ్య ఫొటో ఉంది. స్ఫూర్తి నాన్న. సినిమాల్లో లైట్‌మేన్. స్ఫూర్తికి తొమ్మిదేళ్ళప్పుడు అరకు షూటింగుకి ఇదే గదిలో సంచి సర్దించుకుని వెళ్ళాడు. ఘాట్ రోడ్డు మీద వ్యాను బోల్తా పడింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ప్రయాణానికి సంచి సర్దలేదు. రాజ్యలక్ష్మి ఔట్‌డోర్ పనులు మానేసింది. డిజైనర్ శారదాదేవి గారు ఎన్నిసార్లు పిలిచినా ఒకటే జవాబు: "ఇంట్లో ఆడపిల్ల ఉందండీ."

ఆ జవాబు వింటూ పెరిగిన పిల్ల స్ఫూర్తి. గచ్చిబౌలి యూనివర్సిటీలో ఎమ్మే ఎకనామిక్స్ సీటు వచ్చింది. సిటీ వాళ్ళకి హాస్టల్ చివరన ఇస్తారంటే వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టి, ఆఫీసు చుట్టూ తిరిగి మరీ గది సంపాదించింది. ఎందుకంత పట్టుదల అంటే లైబ్రరీ అంది. లైబ్రరీ నిజమే. కానీ అది సగం నిజం. మిగతా సగం అమ్మకి చెప్పే ధైర్యం ఆమెకి ఇంకా రాలేదు.

*

హాస్టల్ ఆఫీసు దగ్గర క్యూ పెద్దది, వాన అంతకంటే పెద్దది. స్ఫూర్తి సంచిని వరండాలో గోడవారగా పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ రోజు క్యాంపస్‌లో ఏదో సినిమా షూటింగ్ ఉంది. బండరాళ్ళ దగ్గర గొడుగులు, జనరేటర్ మోత. వాన పెరిగేసరికి వాళ్ళూ సామాన్లతో ఆ వరండాలోకే పరిగెత్తుకొచ్చారు.

గది తాళంతో బయటికి వచ్చేసరికి షూటింగ్ వాళ్ళు లేరు. సంచీ లేదు.

వెతికింది, వాచ్‌మన్‌ని అడిగింది. ఫోన్ చార్జింగ్ అయిపోవస్తోంది. చార్జర్ సంచిలోనే ఉంది. ఆ చివరి ప్రాణం ఉండగా అమ్మకి ఫోన్ చేసి, "అన్నీ బీరువాలో సర్దేసుకున్నానమ్మా, హాయిగా ఉంది," అంది. ఫోన్ ఆరిపోయింది.

రూమ్‌మేట్ మనోజ సిద్దిపేట పిల్ల. సంగతి విని ఒక టీషర్టు విసిరింది. "ఫికర్ జేయకు. రేపు కంప్లైంట్ ఇద్దాం. నడు, ఇయ్యాల మెస్సుల ఆలుగడ్డ కూర."

మెస్సులో ఆలుగడ్డ కూర తింటూ, మోకాళ్ళ దాకా వేలాడే టీషర్టులో మనోజ జోకులకి పొలమారేలా నవ్వుతున్నప్పుడు, గుమ్మం దగ్గర గొడవ వినిపించింది.

"మగపిల్లలు లోపలికి రావొద్దు!" కేర్‌టేకర్ గొంతు.

"నేనొస్తలేనమ్మా, సంచి వస్తున్నది. నేను దాని కింద ఉన్న, గంతే!"

స్ఫూర్తి తలెత్తింది. పొడుగ్గా, సన్నగా, నిలువునా తడిసిన అబ్బాయి. నెత్తిన ఖాకీ సంచి. అతని ముందు, జుట్టంతా రేగిపోయి, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా రాజ్యలక్ష్మి.

ఆవిడ బల్లల మధ్యనుంచి వచ్చింది. కూతురి చెంపలు పట్టుకుంది, భుజాలు తడిమింది, ఆ తర్వాత అందరి ముందూ వీపు మీద ఒక్కటి వేసింది. వేసి కౌగిలించుకుని ఏడ్చింది.

"ఎత్తు ఆ సంచి. ఇంటికి పోదాం."

"అమ్మా, ఏమైంది? చెప్పు!"

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది. స్ఫూర్తి చూపు అబ్బాయి మీదికి తిరిగింది. "ఎవరు మీరు? నా సంచి మీ దగ్గరెందుకుంది?"

"దొంగతనం చెయ్యలే. నా పేరు తిరుమలేశ్. ఎంసీఏ సెకండియర్, ఈ క్యాంపసే. మా నాయిన నర్సింహ, కాస్ట్యూమ్ వ్యాన్ నడుపుతడు. సీన్ ఒకటి అని రాసుంటే షూటింగ్‌దే అనుకొని ఏసుకపోయిండు. తీరా చూస్తే వాళ్ళ సీన్ ఒకటి అయిపోయి నెలైంది. పిన్నీసు గుచ్చిన తీరు చూసి, గిది రాజ్యలక్ష్మక్క చెయ్యి, ఇచ్చిరా పో అన్నడు. ఇంటికి తీస్కపోయిన."

"ఇంటికా? నేనిక్కడుంటే ఇంటికెందుకు తీసుకెళ్ళారు?"

"హాస్టల్ అని ఏడ రాసుంది? పేరు, సీన్, పగలు. లొకేషన్ రాయలే మరి!"

"మీ తెలివి తగలెయ్య!"

"మంచికి పోతే గిట్లనే ఉంటది," అని అతను జుట్టు పిండుకున్నాడు.

వార్డెన్ వచ్చి సర్ది చెప్పింది. శనివారం దాకా గది ఆపుతానంది. ఆ తర్వాత వెయిటింగ్ లిస్టులో ఉన్న అమ్మాయికి ఇచ్చేస్తారు. అమ్మ తన చెయ్యి వదలకపోవడం చూసి స్ఫూర్తి ఇంకేం వాదించలేదు. ఆటోలో దారి పొడుగునా సీటు అంచున కూర్చుని వానలో తడిసింది. కన్నీళ్ళు కనపడకుండా ఉండటానికి అది బాగా పనికొచ్చింది.

*

మర్నాడు పొద్దున కృష్ణానగర్‌లో బస్సెక్కింది. యూసుఫ్‌గూడలోనే ఎక్కి కూర్చున్న తిరుమలేశ్ కిటికీ సీటు ఖాళీ చేసి లేచాడు.

"కూసోండి మేడం. తప్పు మాది గదా."

"అక్కర్లేదు."

"మీకు జీరో టికెట్. సీటు కూడా ఫ్రీగ ఇస్తుంటే వద్దంటరేంది?"

పక్కనున్న ముసలావిడ నవ్వింది. స్ఫూర్తి విసురుగా కూర్చుంది. చెక్‌పోస్ట్ దాటింది, మాదాపూర్ దాటింది. అతను పైన రాడ్డు పట్టుకుని ఊగుతూ లోకాభిరామాయణం చెబుతూనే ఉన్నాడు. రహమత్ నగర్‌లో వాళ్ళిల్లు. పోయినేడు అతనికీ హాస్టల్ గది వచ్చిందట.

"మరి ఎందుకుండలేదు?"

"ఉన్న. రెండు రోజులు."

"రెండు రోజులా!"

"మా అమ్మ కుక్కర్ కూత వినకుంటే నాకు పొద్దుగాల తెలివి రాదు. ఫస్ట్ క్లాసుకి రెండు దినాలూ లేట్ అయిన. సంచి ఎత్తుకొని ఉరికొచ్చిన."

స్ఫూర్తి నవ్వకూడదనుకుంది. నవ్వింది. ఉండటానికి గది దొరికి పారిపోయి వచ్చిన మగవాడు, ఉండటానికి గది కోసం యుద్ధం చేస్తున్న ఆడపిల్ల. ఒకే బస్సు.

మూడో రోజు అతను ఆమెని పైనుంచి కిందికి చూసి, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోవద్దు గానీ, నిన్న గిదే డ్రెస్సు కదా?"

"ఇది వేరు, అది వేరు."

"ఉతకకపోతే పర్వాలేదు, నేనెవరికి చెప్ప."

"ఉతకలేదా? ఏయ్, ఇవి రెండు! మా అమ్మ అన్నీ రెండేసి కుడుతుంది. వాన సీనుకి కుట్టినట్టు!" బస్సంతా విన్నది. కండక్టర్ కూడా తిరిగి చూశాడు. స్ఫూర్తి సిగ్గుతో కిటికీ వైపు తిరిగింది. "మీరు" పోయి "ఏయ్" వచ్చిందని అతను మాత్రం మురిసిపోయాడు.

తర్వాత కాసేపటికి, ఊగడం మానేసి, మెల్లగా అడిగాడు. "ఆంటీ గురించి ఒక మాట అడగాల్నా?"

"అడుగు."

"ఆ దినం తలుపు తీసిన్రు. నన్ను చూడలే. సంచిని చూసిన్రు. తర్వాత నా వెనక చూసిన్రు, ఎవరన్నా వస్తున్నరా అన్నట్టు. సంచి అందుకోలే. 'ఎక్కడ జరిగింది బాబూ?' అని అడిగిన్రు. నేను సంచి మారింది గురించి అనుకున్న. 'క్యాంపస్‌ల ఆంటీ' అన్న. గంతే, గోడ పట్టుకొని కిందికి కూలబడ్డరు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్ వచ్చింది. నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

 స్ఫూర్తి నాన్న సంగతి చెప్పింది. ఆ రోజు షూటింగ్ మేనేజర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడని, అతని చేతిలో నాన్న సంచి ఉందని, నోరు విప్పకముందే అమ్మకి అర్థమైపోయిందని.

తిరుమలేశ్ ముఖంలో నవ్వు ఎటుపోయిందో. "ఒట్టు, నాకు ఎర్క లేదు," అన్నాడు. "ఆ దినం దోస్తు బండి మీద తోల్కొస్తుంటే కూడా, జల్ది పోనీ బాబూ అంటరు, ఎంబడే మెల్లగ పోనీ అంటరు. నాకు చిరాకేసింది. ఇప్పుడు నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తున్నది."

"నేను తంతాలే," అంది స్ఫూర్తి కళ్ళు తుడుచుకుంటూ. "హాస్టల్ గది నీవల్లే పోతోంది."

*

శుక్రవారం సాయంత్రం తండ్రీకొడుకులు కృష్ణానగర్ వచ్చారు. నర్సింహ గుమ్మంలోనే చేతులు జోడించాడు.

"తప్పు నాదే అక్కా. సంచి ఏసుకునే ముందు అడగాలె. మతి లేదు."

"అయ్యో, నువ్వేం చేస్తావు అన్నయ్యా. అట్టముక్క పెట్టింది నేను కదా. కూర్చోండి, టీ పెడతాను."

టీ తాగుతున్నప్పుడు రాజ్యలక్ష్మి ఫోన్ మోగింది. శారదాదేవి గారు. స్ఫూర్తి చప్పున అందుకుని స్పీకర్ నొక్కింది.

"రాజ్యం, ఆఖరిసారి అడుగుతున్నాను. అరకులో పెద్ద షెడ్యూల్. చీఫ్ కాస్ట్యూమర్‌గా నీ పేరే వేస్తాను. రాకపోతే చెప్పు, వేరేవాళ్ళని చూసుకుంటాను."

"ఇంట్లో ఆడపిల్ల..."

"రేపు చెబుతుందండీ!" అని స్ఫూర్తి ఫోన్ పెట్టేసింది.

 ఇక దాచి లాభం లేదు.

"అమ్మా, నీ జవాబు నేను. పన్నెండేళ్ళుగా నేనే. అందుకే హాస్టల్ అడిగాను. ఇంట్లో ఆడపిల్ల లేకపోతే నువ్వేం చెబుతావో చూద్దామని."

రాజ్యలక్ష్మి కూతుర్ని అలాగే చూసింది. "నా కోసం వెళ్తున్నావా?"

"సగం నీ కోసం. సగం నా కోసం. అబద్ధం ఎందుకు, ఆ గది నాకు చాలా ఇష్టంగా ఉంది."

"నాకు వద్దని లేదే," అంది రాజ్యలక్ష్మి, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు. "ఆ సంచి చూస్తే నా వల్ల కాదు. అది గడప దాటుతుంటే నా ప్రాణం దాంతో పోతుంది."

తిరుమలేశ్ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆంటీ, ఒక్క మాట. వాన సీన్‌కి రెండు జతలు ఎందుకు కుడ్తరు?"

"ఒకటి తడిస్తే ఇంకోటి ఉండాలని."

"స్ఫూర్తికి అన్నీ రెండేసి ఉన్నయి గదా. ఒక జత అక్కడ ఉండనీయండ్రి. ఒక జత ఇక్కడ. ఇంక సంచి ఎందుకు? ఆమె ఒట్టి చేతులతో పోతది, ఒట్టి చేతులతో వస్తది. ఈ గదిల నుంచి ఆ గదిలకి పోయినట్టు."

 నర్సింహ కొడుకుని కొత్తగా చూశాడు.

రాజ్యలక్ష్మి లేచింది. బీరువా తెరిచింది. ఆకుపచ్చది ఒకటి అటు, ఒకటి ఇటు. నీలం ఒకటి అటు, ఒకటి ఇటు. మంచం మీద రెండు దొంతరలు లేచాయి. రెండూ సమానంగా, మడత కూడా తేడా లేకుండా. ఆవిడ వాటిని చూసుకుని నడుం మీద చెయ్యి వేసుకుంది. తన పని బాగా కుదిరినప్పుడు ఆవిడ నిలబడే తీరు అదే. స్ఫూర్తి ఆ తీరు చూసి ఎన్నేళ్ళయిందో.

"మరి ఇవి అక్కడికి ఎలా వెళ్తాయి? సంచిలో పెట్టను," అంది.

"నా వ్యాన్ ఎందుకుందక్కా?" అన్నాడు నర్సింహ.

శనివారం పొద్దున లేడీస్ హాస్టల్ ముందు కాస్ట్యూమ్ వ్యాన్ ఆగింది. వెనక తలుపు తెరిస్తే, ఇనప కడ్డీకి హ్యాంగర్ల మీద వరసగా స్ఫూర్తి చుడీదార్లు, ఇస్త్రీ మడత నలగకుండా ఊగుతున్నాయి. బాల్కనీల్లోంచి అమ్మాయిలు తొంగిచూశారు.

"ఎవరే, హీరోయిన్ ఒచ్చిందా?" అని మనోజ అరిచింది.

"అవును," అంది రాజ్యలక్ష్మి తలెత్తి. "మా అమ్మాయి."

ఆ సాయంత్రమే శారదాదేవి గారికి తనే ఫోన్ చేసింది.

*

అరకు వెళ్ళేటప్పుడు మాత్రం సంచి తప్పలేదు. ఖాకీ సంచి స్ఫూర్తి సర్దింది. అట్టముక్క కూడా తనే గుచ్చింది: అమ్మ. సీన్ ఒకటి. పగలు. కింద ఇంకో వరస రాసింది. లొకేషన్: ఇల్లు.

"అరకు కదే?"

"తిరిగి రావాల్సిన చోటు రాయాలమ్మా. పోయినసారి రాయకే కదా ఇంత గొడవ."

రాజ్యలక్ష్మి వీరయ్య ఫొటో ముందు కాసేపు నిలబడింది. తర్వాత ఎవరి చేతికీ ఇవ్వకుండా సంచి తనే ఎత్తుకుని గడప దాటింది. షెడ్యూల్ అయ్యేదాకా స్ఫూర్తికి అన్నం సరిగా దిగలేదు. ఇన్నేళ్ళూ అమ్మ ఏం మోసిందో అప్పుడు తెలిసింది. ఆవిడ మాత్రం ఎండకి నల్లబడి, గొంతు పోయి, అసిస్టెంట్లని ఎలా పరుగులు పెట్టించిందో సైగలతో చెబుతూ ఇంటికి వచ్చింది.

ఆ తర్వాత ప్రతి శనివారం క్యాంపస్ గేటు దగ్గర బస్సు ఆగేది. ఒట్టి చేతులతో స్ఫూర్తి ఎక్కేది. ముందు స్టాపులోనే ఎక్కిన తిరుమలేశ్ కిటికీ సీటు ఆపి ఉంచేవాడు. అతని చివరి సెమిస్టర్ మొదలైన వారం ఆ సీటు ఖాళీగా లేదు. తిరుమలేశ్ బస్సులోనే లేడు.

బస్సు దిగేసి గేటు దగ్గర వెతికితే, చెట్టు కింద చినుకుల్లో నిలబడి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవర్.

"ఏమైంది? ఇంటికి రావా?"

"నేను హాస్టల్‌కి మారిన. పోయిన సోమవారం."

"నువ్వా? కుక్కర్ కూత లేకుండా?"

"చివరి ఆరు నెలలు. క్యాంపస్‌ల ఒక మనిషి ఉంటే, నేను దినాం బస్సెక్కి దూరం పోవుడు మంచిగ అనిపించలే."

వాన కాస్త పెరిగింది. ఇద్దరూ కదల్లేదు.

"నిద్ర పడుతోందా?"

"పడ్తలేదు. కుక్కర్ గురించి మాత్రం కాదు."

స్ఫూర్తి పెదవి కొరుక్కుంది. "ఆ కవర్‌లో ఏముంది?"

అతను తీసి చూపించాడు. రెండు చొక్కాలు. రెండూ నీలం గళ్ళవి, బొత్తాంతో సహా ఒకేలాంటివి. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆంటీతోని కుట్టించిన. ఎందుకని అడగలే ఆమె. నవ్వింది గంతే. ఒకటి నా దగ్గర ఉంటది. రెండోది..."  బస్సంతా నవ్వించేవాడు చేతిలో చొక్కా బొత్తాం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "రెండో జత మీ ఇంట్ల పెట్టుకోవచ్చా?"

స్ఫూర్తి ఒక చొక్కా లాక్కుంది. వాన తగలకుండా చున్నీ కింద దాచుకుంది.

"ఒట్టి చేతులతో వెళ్ళాలని నువ్వే కదా రూలు పెట్టావు?" అంది. "ఈ ఒక్కసారికి తీసుకెళ్తాను."

*

అరకు సినిమా ఈ వేసవిలో విడుదలైంది. చెక్‌పోస్ట్ దగ్గరి థియేటర్‌లో ఒక వరసంతా వాళ్ళే. నర్సింహ, అతని భార్య అనసూయమ్మ, మనోజ, తిరుమలేశ్, స్ఫూర్తి, మధ్యలో రాజ్యలక్ష్మి. తెర మీద "చీఫ్ కాస్ట్యూమర్: రాజ్యలక్ష్మి వీరయ్య" అని పడగానే తిరుమలేశ్ ఈల వేశాడు. మనోజ కాయితం ముక్కలు ఎగరేసింది. స్ఫూర్తి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, వెనకవాళ్ళు కూర్చోమని అరిచేదాకా.

రాజ్యలక్ష్మి మాత్రం ఆ పేరు పోయేదాకా తెరని కళ్ళార్పకుండా చూసింది. ఆ తర్వాత పక్కకి వంగి అనసూయమ్మ చెవిలో అంది. "వదినా, పిల్లలకి శ్రావణంలో ముహూర్తం చూద్దామా? పెళ్ళిబట్టలు రెండేసి జతలు కుట్టాలి, నాకు టైము కావాలి."

"నేనెప్పుడో చూసి పెట్టిన వదినా," అంది అనసూయమ్మ. "మీరు అడుగుతరని ఆగిన."

కృష్ణానగర్ ఇంట్లో బీరువాలో ఇప్పుడు నీలం గళ్ళ చొక్కా కూడా ఉంది. స్ఫూర్తి ప్రతి శనివారం వస్తోంది. తిరుమలేశ్ వస్తున్నాడు. రాజ్యలక్ష్మి అరకు వెళ్ళి వచ్చింది, పొల్లాచ్చి వెళ్ళి వచ్చింది, రేపు కాశ్మీర్ వెళ్తోంది, వస్తుంది.

ఆ ఇంట్లోంచి సంచితో వెళ్ళి తిరిగి రానిది వీరయ్య ఒక్కడే. రెండువేల పన్నెండు, జూన్ నెలలో.